గోడ మీద ఎర్ర నంబరు పడ్డాక ఏం చెయ్యాలి? భీమిలి రోడ్డు పేట నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. రుషికొండ దాటాక భీమిలి రోడ్డుకీ సముద్రానికీ మధ్య మీ పేట. నూట నలభై గడప. పోయిన నెల డ్రోన్ ఎగిరింది. వారం తిరక్కుండా మీ గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. స్టార్ హోటలూ విల్లాలూ వస్తాయని, భూమి ప్రభుత్వమే ఇస్తుందని చెప్పుకుంటున్నారు. నోటీసు అంటూ ఒక్క కాగితం రాలేదు. కానీ ఇంటింటికీ మనుషులు వచ్చి "సమ్మతి పత్రం మీద సంతకం పెట్టండి, టిడ్కో ఇల్లు వస్తుంది" అంటున్నారు (టిడ్కో అంటే పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టే అపార్ట్‌మెంటు ఇళ్లు). నలభై ఇళ్లవాళ్లు పెట్టేశారు. మీ నాన్నగారు పెట్టనన్నారు. పేటలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గిపోయింది. ఏం చెయ్యాలి, ఇది ఆగుతుందా అని అడిగారు.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నా సలహా అంతా అందులోంచే వచ్చింది. నేను ముప్పై ఏళ్లు భూమి కొలిచే ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక పదకొండేళ్లుగా మీలాంటి పేటలకీ కాలనీలకీ కాగితాలు చూసిపెడుతున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక తీరగ్రామంలో ఇళ్ల లెక్క రాసే పని నాకు పడింది. ఊరి పేరు రాయను. పొద్దున్న పదింటికి వెళ్లాం. మగవాళ్లు వేటలో ఉన్నారు, ఆడవాళ్లు గంపలెత్తుకుని బజారుకి వెళ్లారు. తాళం వేసి ఉన్న ప్రతి ఇంటి ఎదురుగా చివరి గడిలో "డోర్ లాక్" అని రాశాను. రెండోసారి వెళ్లాలి. వెళ్లలేదు, టైము లేదన్నారు, నేనూ గట్టిగా అడగలేదు. అలాంటి ఇళ్లు ఇరవై మూడు. రెండేళ్ల తర్వాత ఒకావిడ ఇంటి పన్ను రసీదులన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని వస్తే, "లిస్టులో నీ పేరు లేదమ్మా" అని చెప్పారు. ఆ లిస్టు రాసిన చెయ్యి నాది. ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే అందరూ ముందు లాయరు దగ్గరికి వెళ్లమంటే నేను ముందు పుస్తకం కొనమంటాను. వాళ్ల లిస్టు బయటికి రాకముందే మీ లిస్టు తయారవ్వాలి. నూట నలభై గడపల్లో ఎవరెవరు ఉంటున్నారో మీరే రాయాలి. పొడుగు పుస్తకం ఒకటి తీసుకుని ఇంటికో పేజీ వదలండి. మునిసిపల్ డోర్ నంబరు, గోడ మీద వేసిన ఎర్ర నంబరు, ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు, వయసులు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏ పని చేస్తున్నారు, పడవా వలా ఉంటే వాటి వివరం. చివర ఆ ఇంటావిడ సంతకమో వేలిముద్రో, పక్కిళ్ల వాళ్లవి రెండు సాక్షి సంతకాలు. కుటుంబమంతా గుమ్మంలో నిలబడి, ఎర్ర నంబరు కనిపించేలా ఒక ఫొటో. ఆ నంబరు చెరిపేయకండి. కోపంతో సున్నం కొట్టేస్తారు చాలామంది. అది మీ ఇంటిదగ్గరికి వాళ్లు వచ్చారనడానికి సాక్ష్యం.

రాసేటప్పుడు ఇంటికి ఒక కుటుంబం అని రాయకండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం వితంతువు, విడాకులు తీసుకున్న స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ వేరే కుటుంబం కింద లెక్క. పెళ్లయినా కాకపోయినా, మేజరైన కొడుకూ కూతురూ కూడా వేరే కుటుంబమే. పట్టణ ప్రాంతంలో ఆ భూమి మీద మూడేళ్లకు పైగా ఉంటున్న కుటుంబాన్ని సొంతదారా కాదా అనే తేడా లేకుండా ప్రభావిత కుటుంబం అంటుంది ఆ చట్టం. అంటే అద్దెకున్నవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. మీ పేటలో వెనక వరస గదుల్లో అద్దెకుంటూ చేపలు ఎండబెట్టే పనికి వెళ్లే కుటుంబాలు ఉండే ఉంటాయి. వాళ్లని మీ పుస్తకంలో రాయకపోతే, మీ కమిటీయే వాళ్లకి "డోర్ లాక్" రాసినట్టు. నేను చూసిన పేటలు విడిపోవడం మొదలైంది ఎప్పుడూ ఇక్కడే. సొంతిళ్లవాళ్లు మాట్లాడుకుంటారు, అద్దెవాళ్లని పిలవరు, వాళ్లు ముందు సంతకం పెట్టేస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఇక రుజువులు. పట్టా లేదు కాబట్టి మా దగ్గర ఏమీ లేదు అంటారు అందరూ. అది నిజం కాదు. ఇంటి పన్ను రసీదు, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, పాత ఓటరు జాబితా, పిల్లల స్టడీ సర్టిఫికెట్, రేషన్ కార్డు, క్రమబద్ధీకరణకి ఎప్పుడైనా పెట్టిన దరఖాస్తు రసీదు అందరికీ తెలిసినవే. తెలియనివి రెండు చెప్తాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో భృతి ఇచ్చిన లబ్ధిదారుల జాబితాలో మీ పేట పేరుతో మీ పేర్లు ఉంటాయి. రెండోది హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న వచ్చిన ఆ తుపానులో చాలామంది కాగితాలు తడిసి పోయాయి. కానీ అదే తుపాను తర్వాత ఇల్లు దెబ్బతిన్నదని సాయం అందుకున్నవాళ్లుంటే, ఆ జాబితా రాసింది ప్రభుత్వమే. ఆ ఏడాది అక్కడ ఇల్లు ఉందని ప్రభుత్వం చేతితో రాసిన కాగితం అది. నకలు అడగండి.

పాత పెట్టెల్లో బీ-మెమోలు దొరకొచ్చు. అంటే తాతల కాలంలో శివాయి జమా, సర్కారు భూమిలో ఉన్నందుకు వేసిన పన్ను, కట్టిన కాగితాలు. వాటి విషయంలో జాగ్రత్త. అవి ఎన్నేళ్లుగా ఉంటున్నారో గట్టిగా చెప్తాయి, కానీ అదే సమయంలో అది సర్కారు భూమి అని మీరు ఒప్పుకున్నట్టు కూడా చదవొచ్చు. లాయరుకి చూపించకుండా ఎవరికీ ఇవ్వకండి. అలాగే ఏ అర్జీలోనూ "ప్రభుత్వ భూమిని ఆక్రమించుకుని ఉంటున్నాము" అని రాయకండి. అర్జీలు రాసిపెట్టేవాళ్లు అలవాటుగా రాసేస్తారు ఆ వాక్యం. "తరతరాలుగా నివాసం ఉంటున్నాము" అని రాస్తే చాలు.

భూమి ఎవరిదన్నది అసలు ప్రశ్న. మీ సర్వే నంబరు తెలుసుకోండి. ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో ఈరోజు ఏముందో అది ఒక్కటే చూస్తే చాలదు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (బ్రిటిషు కాలపు భూమి లెక్కలో) ఏమని ఉంది, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పటంలో ఊరి హద్దు ఎక్కడుంది అన్నది చూడాలి. భూరికార్డుల తారుమారు ఆరోపణల మీద విశాఖలో 2017లో ఒకసారి, 2019లో మరోసారి సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారంటే, ఇక్కడ రికార్డును ఎందుకు రెండుసార్లు చూడాలో మీకు అర్థమవుతుంది.

గ్రామకంఠం, అంటే ఊరివాళ్ల ఇళ్ల కోసం పాతకాలం నుంచి ఉన్న స్థలం, అని ఉంటే మీ బలం చాలా ఎక్కువ. గ్రామకంఠంలో తరతరాలుగా ఉన్న ఇల్లు సర్కారు స్థలంలో ఆక్రమణ కాదని మన హైకోర్టు పలుమార్లు చెప్పింది. పాత మత్స్యకార గ్రామాలకి ఈ అవకాశం ఉంటుంది, కానీ పేట పెరిగి పక్క పోరంబోకులోకి (సర్కారు ఖాళీ భూమిలోకి) వెళ్లి ఉంటుంది, కాబట్టి ఏ ఇల్లు ఎందులో ఉందో గీత గీసి చూడాలి. డి-పట్టా (ప్రభుత్వం షరతులతో ఇచ్చిన పట్టా) అయితే అది వేరే లెక్క, పట్టా షరతులు చదవాలి. పోరంబోకు అయినా సరే, చెప్పాపెట్టకుండా ఖాళీ చేయించడానికి లేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి, మీరు చెప్పుకున్నది వినాలి, ఆ తర్వాత ఉత్తర్వు, దాని మీద అప్పీలు. ఇంకో మాట. ఆ భూమి ఎవరిదన్నదాని మీద నిజమైన తగాదా ఉంటే ఆ చట్టం కింద హడావిడిగా ఖాళీ చేయించకూడదు, ప్రభుత్వమే సివిల్ కోర్టుకి వెళ్లాలి. ఉస్మానియా యూనివర్సిటీ భూముల విషయంలో 1982లో సుప్రీంకోర్టు తుమ్మల కృష్ణారావు కేసులో చెప్పిన మాట ఇది. మీ లాయరుకి ఈ పేరు చెప్పండి.

ప్రాజెక్టు సంగతి తెలుసుకోవడానికి సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులు రేపే పడెయ్యండి. తహశీల్దారు ఆఫీసులో ఐదు రూపాయలు, కలెక్టరేట్‌లో, విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏలో పది రూపాయలు. తెల్ల కార్డు ఉన్నవాళ్లు వేస్తే ఫీజు ఉండదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పెద్ద ప్రశ్న అడగకండి. "మా సర్వే నంబరుకి సంబంధించి గత మూడేళ్లలో వచ్చిన భూ కేటాయింపు ప్రతిపాదన, జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, డ్రోన్ సర్వే ఉత్తర్వు, ఇళ్ల మీద నంబర్లు వెయ్యమన్న ఉత్తర్వు నకళ్లు ఇవ్వండి" అని అడగండి. ఆ నంబర్లు ఏ ఉత్తర్వుతో వేశారో చూపించలేకపోతే ఆ జవాబే మీకు ఆయుధం.

ఫైలులో ఆ ప్రాజెక్టుకి ఏం పేరు పెట్టారో తప్పకుండా చూడండి. 2013 చట్టంలో ప్రజా ప్రయోజనం కింద టూరిజం ప్రాజెక్టులు ఉన్నాయి, కానీ మౌలిక సదుపాయాల పద్దులోంచి ప్రైవేటు హోటళ్లని ప్రత్యేకంగా తీసేశారు. భూమి పోయే కుటుంబాల్లో, ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాల సమ్మతి ఉండాలని ఆ చట్టమే చెప్తుంది. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ వల్ల కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. మీది ఆ కొన్నింటిలోకి వస్తుందా లేదా అని లాయరు చూడాలి. అసలు సేకరణే కాదు, మా భూమి మేం తీసుకుంటున్నాం అని వాళ్లు అనొచ్చు కూడా. అప్పుడు ఈ సమ్మతి పత్రం ఎందుకు తీసుకుంటున్నారని మీరు అడగాలి. ఊరికే ఎవరూ సంతకాలు సేకరించరు.

ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, అప్పుడు గట్టిగా మాట్లాడదాం అని చాలామంది ఎదురుచూస్తారు. ఎదురుచూడకండి. 20 వేల చదరపు మీటర్లు దాటిన భవనానికి పర్యావరణ అనుమతి కావాలి, కానీ 2006 నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకి బహిరంగ విచారణ అక్కర్లేదు. కాబట్టి మీకు ఎవరూ దండోరా వెయ్యరు. ఆ అనుమతులకి దరఖాస్తు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు, పరివేష్ పోర్టల్లో విశాఖ జిల్లా దరఖాస్తులు వారం వారం మీరే చూసుకోవాలి. చదువుకున్న పిల్లలకి ఈ పని అప్పగించండి.

సముద్రం ఒడ్డు కాబట్టి సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాలని అదుపు చేసే నిబంధనలు, ఉంది. "మీ ఇళ్లే సీఆర్‌జెడ్ ఉల్లంఘన" అని భయపెట్టే అవకాశం ఉంది, ఎన్నోచోట్ల అదే అన్నారు. 2011 నోటిఫికేషన్ చదివించండి. దాని స్థానంలో 2019లో కొత్తది వచ్చింది, మీ తీరానికి ఇప్పుడు ఏది వర్తిస్తుందో లాయరు చూడాలి. అనుమతి తీసుకోని సంప్రదాయ మత్స్యకారుల ఇళ్లని, వ్యాపారానికి వాడకపోతే, బయటివాళ్లకి అమ్మకపోతే, క్రమబద్ధీకరించే వీలు అందులోనే ఉంది. తీర నిర్వహణ పటాల్లో మత్స్యకార గ్రామాలనీ, వలలూ చేపలూ ఆరబెట్టే చోట్లనీ, పడవలు లాగే ఉమ్మడి స్థలాలనీ గుర్తించాలని, వాళ్ల పిల్లల కాలానికి సరిపోయేలా ఇళ్ల అవసరాలకి ప్రణాళిక వెయ్యాలని కూడా ఉంది. మీ పేట ఆ పటంలో ఉందా? మీ ఒడ్డు ఉందా? ఈ రెండు ప్రశ్నలు రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీకి రాతపూర్వకంగా వెళ్లాలి. నేను చూసినంతలో పేటలు ఇళ్ల గురించి మాట్లాడతాయి, ఒడ్డు గురించి మర్చిపోతాయి. రేపు ఇల్లు మిగిలినా ఒడ్డుకి వెళ్లే దారికి గేటు పడితే వేట సాగదు.

నోటీసు వస్తే దాన్ని తిప్పి పంపకండి. తీసుకోండి, తీసుకున్న తేదీ, సమయం కవరు మీద రాయండి, గోడకి అంటిస్తే ఫొటో తియ్యండి. గడువులోపు జవాబు వెళ్లాలి, స్పీడ్ పోస్టులోనూ, చేతికిచ్చి ముద్ర వేయించుకునీ, రెండు రకాలుగానూ. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 15 రోజుల నోటీసు, వ్యక్తిగతంగా వినడం, కారణాలు రాసిన ఉత్తర్వు, ఉత్తర్వు తర్వాత మళ్లీ 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, నీటివనరు లాంటి బహిరంగ స్థలాల్లో ఉన్న కట్టడాలకి ఇవి వర్తించవని అందులోనే ఉంది. మీది ఆ కోవలోకి నెట్టే ప్రయత్నం జరగొచ్చు. అప్పుడు 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు ఉంది. ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకి కూడా ముందు నోటీసు ఇచ్చి వినాలన్న తీర్పు అది.

హైకోర్టులో రిట్ వేస్తే ఏమవుతుందో నిజం చెప్తాను. చాలా కేసుల్లో మొదటి రోజే "చట్టప్రకారం నోటీసు ఇచ్చి, విని, ఆ తర్వాతే చర్య తీసుకోండి" అని ఉత్తర్వు ఇచ్చి ముగించేస్తారు. పేటలో టపాకాయలు కాలుస్తారు. అది గెలుపు కాదు, కొన్ని నెలల టైము. ఆ టైములో పుస్తకం, రికార్డులు, ఆర్టీఐ జవాబులు సిద్ధం చేసుకున్న పేటలు రెండో విడతలో నిలబడ్డాయి. శుక్రవారం సాయంత్రమో పండగ ముందురోజో కూల్చే మిషన్లు వస్తాయన్న అనుమానం ఉంటే లాయరుకి అధికారమిచ్చే వకాలత్ మీద సంతకాలు ముందే చేసిపెట్టండి. అదే రోజు అత్యవసరంగా వినమని లంచ్ మోషన్, సెలవు రోజైతే జడ్జి ఇంటి దగ్గరే వినమని హౌస్ మోషన్ అడగొచ్చు, కానీ కాగితాలు చేతిలో ఉంటేనే. ఫీజుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. స్త్రీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. అందుకే పిటిషనర్లుగా పేట ఆడవాళ్ల పేర్లు ముందు పెట్టమంటాను.

కుర్రాళ్లకి మీరే చెప్పాలి. వచ్చిన సిబ్బంది మీద చెయ్యి పడితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 132 కింద కేసు, ఆ రోజు నుంచి పేట సంగతి పక్కకి పోయి బెయిలు సంగతే మిగులుతుంది. అడ్డంగా కూర్చోవడం వేరు, రాయి విసరడం వేరు.

ఇక మీరు ఎక్కువ బాధపడుతున్న విషయం, ఆ నలభై ఇళ్లు. దయచేసి వాళ్లని అమ్ముడుపోయారని అనకండి. ఒకరికి పడవ అప్పు, ఒకరికి ఆడపిల్ల పెళ్లి, ఒకరికి "చివర్లో పెట్టినవాళ్లకి ఏమీ రాదు" అన్న భయం. పేటకి నిజంగా ప్రమాదం తెచ్చేది మిషను కాదు, ఈ మౌనం. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవచ్చు. పత్రంలో ఏముందో పూర్తిగా చదివి వినిపించలేదని, నకలు ఇవ్వలేదని, అందుకే సమ్మతి ఉపసంహరించుకుంటున్నానని కలెక్టరుకీ తహశీల్దారుకీ ఎవరికి వారు ఉత్తరం రాయాలి. ఎవరైనా తీసుకోనంటే బలవంతం వద్దు, వాళ్ల పేజీ కూడా పుస్తకంలో ఉండాలి.

టిడ్కో ఇంటి మాట వస్తే ఎగతాళి చెయ్యకుండా వివరంగా అడగండి. ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, 300 చదరపు అడుగులా, 365 లా, 430 లా, ఎవరి పేరు మీద, అప్పు ఎంత, తాళం ఎప్పుడు, ఒడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు. మూడో అంతస్తులో వల ఎక్కడ ఆరబెట్టాలి? తెల్లవారుజామున మూడింటికి ఒడ్డుకి ఎలా రావాలి? పేరుతో ఉన్న కేటాయింపు పత్రం లేకుండా, ఇంటి తాళం చేతికి రాకుండా గుమ్మం దిగకూడదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. భూములిచ్చిన ఊళ్ల నిర్వాసితులు ఆర్-కార్డులు (నిర్వాసితులకిచ్చిన గుర్తింపు కార్డులు) పట్టుకుని ఉద్యోగాల కోసం ఎన్ని దశాబ్దాలు తిరిగారో గాజువాక వైపు ఎవరినడిగినా చెప్తారు. దేశానికి అవసరమైన ఫ్యాక్టరీకే అంత జాప్యం జరిగినప్పుడు, విల్లాల కోసం నోటిమాట మీద ఇల్లు వదలమంటే నేను ఒప్పుకోలేను.

ఆగుతుందా అని అడిగారు. మాట ఇవ్వలేను. కానీ భోగాపురం చూడండి. 2015లో విమానాశ్రయానికి మొదట 15 వేల ఎకరాలన్నారు. ఊళ్లు ఒప్పుకోలేదు, కోర్టులకి వెళ్లారు. చివరికి కట్టింది 2,200 ఎకరాల పైచిలుకులో. అక్కడ కూడా కొన్ని పల్లెలు లేచిపోయాయి, వాళ్ల బాధ చిన్నది కాదు. కానీ మొదటి గీతలో ఉండి తర్వాత బయటపడిన ఊళ్లు ఇంకా ఉన్నచోటే ఉన్నాయి. గీత గీసినవాళ్లే దాన్ని జరిపారు. మీ విషయంలో నేను అడగమనేది కూడా అదే. ప్రాజెక్టు రావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, పేటని గీత బయట పెట్టమనండి, లేదా ఉన్నచోటే ఇళ్లు కట్టి ఇమ్మనండి. ఈ రెండూ రాసి, మ్యాపు గీసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల రోజున అందరూ కలిసి ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి.

మళ్లీ రాసేటప్పుడు మీ సర్వే నంబరు రాయండి, నాన్నగారి దగ్గర బీ-మెమో ఉందో లేదో చెప్పండి, సమ్మతి పత్రం ఫొటో దొరికితే పేర్లు కప్పేసి పెట్టండి. పుస్తకం మాత్రం నా జవాబు కోసం ఆపకండి. మగవాళ్లు ఒడ్డున ఉండే పూట చూసుకుని మొదలుపెట్టండి, వెనక వరసలో అద్దెకుంటూ సంతకం పెట్టేసిన ఇంటి నుంచి.